ఇంకో మురకామి

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకాల కుప్పలో 'మురకామి' అన్న పేరు కనబడగానే బేరమైనా ఆడకుండా కొనేశా. ఇంటికొచ్చి తెరిస్తే పిల్లుల్లేవు, బావుల్లేవు. కబుకిచో రాత్రులు, గైడ్‌కి చెమటలు పట్టించే ఓ అమెరికన్ టూరిస్టు. అట్ట మళ్ళీ చూశా: హరుకి కాదు, ర్యు. 'ఇన్ ద మీసో సూప్'. మోసపోయాననిపించింది, అయినా తెల్లారేదాకా వదల్లేదు. హరుకిని చదివి టోక్యో నాకు తెలుసనుకునేదాన్ని. ఈ టోక్యోలో భయమేసింది.

ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. 1976లో, 24 ఏళ్ళకే, తొలి నవలతో ర్యు అకుతగావా బహుమతి కొట్టేశాడు. అప్పటికి హరుకి జాజ్ బార్ నడుపుకుంటున్నాడు. అతని మొదటి నవల 1979లో గానీ రాలేదు. ఆ బహుమతైతే అసలు రానేలేదు. ఆ రోజుల్లో టోక్యోలో నాలాంటిదెవరో ర్యు అనుకుని హరుకిని కొనేసి, తిట్టుకుంటూ ఇంటికెళ్ళే ఉంటుంది.