సగంలో ఆగిన పాట

తెనాలిలో ఆయనది చిన్న డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు... అన్నీ పేజ్‌మేకర్‌లోనే. పని లేని సాయంత్రాల్లో వాళ్లమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ పాడే పెళ్లిపాటలు టైపు చేసేవాడు. పుస్తకం వేయించకముందే ఇద్దరూ వెళ్లిపోయారు. సీడీ మిగిలింది.

కొడుకు దాన్ని కొత్త కంప్యూటర్‌లో ఎలాగో తెరిస్తే, అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలే కనిపించాయి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగుకు ఆ ఫాంట్లే దిక్కు. ఇప్పటి యూనికోడ్‌తో వాటికి చుట్టరికం లేదు.

దాంతో అటక మీది పాత సిస్టమ్ కిందికి దిగింది. అందులో హార్డ్ డిస్క్ పోయింది. వెతగ్గా వెతగ్గా 20 జీబీది ఒకటి దొరికింది. పూర్తిగా ఖాళీ. అందులోకి విండోస్ 98 ఎక్కించాలి. 2006 జులైలోనే మైక్రోసాఫ్ట్ వదిలేసిన సరుకది!

బూట్ ఫ్లాపీ పెట్టాడు. ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ చేసి, రీస్టార్ట్ చేసి, ఫార్మాట్ కొట్టాడు. ఖాళీ స్థలానికి హద్దురాళ్లు పాతి, నేల చదును చేసుకున్నట్టే. తర్వాత సెటప్. సీడీ కవరు మీద నాన్న చేతిరాతతో 25 అక్షరాల కీ. అందులో ఒకటి 8ఓ, ‘బీ’యో అర్థం కాలేదు. 8 కొడితే కాదంది. ‘బీ’ కొడితే ఒప్పుకుంది.

అర్ధరాత్రి దాటాక తెర మీద నీలాకాశం, తెల్లమబ్బులు. ఫాంట్లు, పేజ్‌మేకర్ వేసి ఫైలు తెరిచాడు. తెలుగు కుదురుగా నిలబడింది!

అమ్మను లేపాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదువుతూ చదువుతూ, చివరి పేజీలో ఆగింది. అప్పగింతల పాట సగంలోనే ఉంది.

‘‘మిగతాది నాకొచ్చురా. అత్తయ్య నేర్పింది... కొట్టుకో’’ అంది.

వాడికి అను కీబోర్డు రాదు. లేచి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకున్నాడు.