నీళ్ళు, కరెంటు, రోడ్డు... మరి బడి?

పరిశ్రమ పెట్టే పెద్దమనిషి సర్కారు ముందు కూర్చుంటే ఏమేం అడుగుతాడో మనకు తెలియనిది కాదు. భూమి, నీళ్ళు, కోతల్లేని కరెంటు, లారీలు తిరిగే రోడ్డు, పన్నుల్లో కాస్త వెసులుబాటు. అడగడం తప్పని నేననను. అడగనిదే అమ్మైనా పెట్టదు. నాకున్న సందేహమల్లా ఒక్కటే. 'చుట్టుపక్కల సర్కారు బళ్ళలో లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉండకూడదు' అనే మాట కూడా ఆ జాబితాలో రాస్తే ఏం పోతుందండీ?

రొద్దం మండలంలో ఏ రచ్చబండ దగ్గరైనా 'ఫ్యాక్టరీ' అన్నారంటే ఏ ఫ్యాక్టరీ అని ఎవరూ అడగరు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఉన్నదే. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియా వాళ్ళు రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నారు. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారం. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళు ఫ్యాక్టరీకి ఇచ్చారు. వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్ము తప్ప తడి తగలని ఈ సీమలో అది చిన్న సంగతి కాదు. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న పెనుకొండకు కొరియావాళ్ళు కూడా వస్తారని ఎవరనుకున్నారు! హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. సంగటి, ఊరుబిండి తినే చోట కిమ్చీ దొరుకుతోంది. సంతోషమే.

ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి తిరగేద్దాం రండి. విషయం అక్కడే ఉంది. 1944లో మొదలైనప్పుడు వాళ్ళు చేసింది కార్లు కాదు, సైకిలు విడిభాగాలు. 1952లో, ఇంకా కొరియా యుద్ధం నడుస్తుండగానే, బూసాన్‌లో సొంతంగా సైకిలు తయారుచేశారు. బ్రీసా అనే కారు రోడ్డెక్కడానికి 1974 దాకా పట్టింది. సైకిలుకీ కారుకీ మధ్య ఇరవై రెండేళ్ళు.

ఆ ఇరవై రెండేళ్ళూ కొరియాలో ఇంకొకటి జరుగుతూ వచ్చింది. 1945లో జపాన్ వాళ్ళు వెళ్ళిపోయేనాటికి అక్కడ నూటికి 78 మందికి చదవడం రాదని లెక్క. యుద్ధంలో బళ్ళు కూలిపోతే గుడారాలు వేసి పాఠాలు చెప్పారు. 1954లో నిర్బంధ ప్రాథమిక విద్యకు ఆరేళ్ళ ప్రణాళిక వేసుకున్నారు. 1960 దగ్గరపడేసరికి ఈడొచ్చిన పిల్లలు దాదాపు అందరూ బడిలో ఉన్నారు. ఆ పిల్లలే పెద్దయి ఫ్యాక్టరీల్లో చేరారు. వాళ్ళకు నట్టు బిగించడం కంపెనీ నేర్పింది నిజమే. నట్టు పక్కన రాసిన అంకె చదవడం మాత్రం బడి నేర్పింది. కొరియాలో తల్లిదండ్రులు కూడా చదువులకు బోలెడు ఖర్చుపెట్టుకున్నారు, ట్యూషన్ల పిచ్చి మనకన్నా వాళ్ళకే ఎక్కువ, అదంతా ఒప్పుకుంటాను. కానీ పునాది సర్కారు బడిదే. ఎర్రమంచిలో కూర్చున్న కొరియా మేనేజరుకు ఈ కథ మనం చెప్పాలా? వాళ్ళ తాతను అడిగితే చెబుతాడు.

అంకె చదవడం అన్నాను కదా, అదేమంత బ్రహ్మవిద్యా అంటారేమో. ఒక వెర్నియర్ కాలిపర్స్ చేతిలోకి తీసుకోండి. విడిభాగాలు చేసే ఏ యూనిట్‌లోనైనా తనిఖీ బల్ల మీద ఇది ఉంటుంది. ఒక చిన్న ఇనుప కడ్డీని దాని దవడల మధ్య పెట్టి బిగించారు. పై స్కేలు మీద 24 దాటింది, 25 అందలేదు. ఇప్పుడు కింది స్కేలు చూడాలి. అందులో ఏ గీత పై గీతతో సరిగ్గా కలిసింది? పద్దెనిమిదోది. ఒక్కో గీతకు 0.02 మిల్లీమీటరు. పద్దెనిమిదిని 0.02తో గుణిస్తే 0.36. దాన్ని 24కు కలిపితే 24.36. డ్రాయింగులో 24.30కి మించకూడదని ఉంటే ఈ కడ్డీ పక్కన పడేయాల్సిందే. ఇంతే పని. అయిదారు తరగతుల్లో దశాంశ భిన్నాలు ఒంటబట్టిన పిల్లకు అర నిమిషం పడుతుంది. ఆ ఏడాది లెక్కల టీచరు లేక, ఉన్నవాళ్ళు సర్దుబాటు చేస్తూ నెట్టుకొచ్చిన బడిలో చదివిన పిల్లవాడు ఆ అర నిమిషం దగ్గరే ఆగిపోతాడు. ఎంత తెలివైనవాడైనా సరే. ఇప్పుడు డిజిటల్‌వి వచ్చాయి, అంకె అదే చూపిస్తుంది అంటారు. చూపిస్తుంది. 24.36 పెద్దదా, 24.4 పెద్దదా? అడిగి చూడండి.

పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ వాళ్ళు 2024లో దేశంలోని పల్లెల్లో సర్వే చేశారు. 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగానికి కాస్త తక్కువ. 8వ తరగతిలో భాగహారం చేయగలిగినవాళ్ళూ సగానికి తక్కువే. దేశం మొత్తానికి తీసిన లెక్క ఇది, మన మండలానిది కాదు. అయినా మనవాళ్ళు వేరే గ్రహం నుంచి ఊడిపడలేదు కదా.

వ్యాపారవేత్త అంటే కియా ఒక్కటే కాదు లెండి. హిందూపురంలో తూముకుంట, గోళ్ళాపురం పారిశ్రామిక వాడలున్నాయి. చింతపండు మండీలున్నాయి, పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. ధర్మవరంలో మగ్గాలకు జరీ, పట్టు పెట్టుబడి పెట్టే షావుకార్లున్నారు. మండీ వ్యాపారి ఒకాయనతో ఈ మాటే కదిపితే, 'మా పిల్లోళ్ళు బెంగుళూర్లో చదువుతుండారు, ఊళ్ళో బడితో నాకేం పనప్పా' అన్నాడు. గుడి గోపురానికి అడిగితే మాత్రం ముందే రాసిస్తాడు, మంచివాడే. ఆయన దగ్గర గుమాస్తా తూకం చీటీ తప్పు రాస్తున్నాడని నాకే గంటసేపు చెప్పుకున్నాడు. ఆ గుమాస్తా ఏ బడిలో చదివాడో ఆయన ఎప్పుడైనా ఆలోచించాడా అంటే, లేదు. పట్టుగూళ్ళ మార్కెట్‌లో రీలర్లను చూడండి. గూడు పలచగా ఉంటే తిట్టి ఊరుకోరు. మల్బరీకి నీళ్ళు పెట్టావా, ఆకు లేతది వేశావా అని రైతును ఆరా తీస్తారు. గూటికి ఆకు ఎంతో మండీకి బడి అంతే. ఆకు సంగతి పట్టించుకున్నవాళ్ళం బడి సంగతి ఎందుకు వదిలేశాం?

'మేం చేస్తూనే ఉన్నాం' అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. నికర లాభం 5 కోట్లు గానీ, టర్నోవర్ వెయ్యి కోట్లు గానీ, నెట్‌వర్త్ 500 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. అందులో విద్య కూడా ఒక పద్దు. దాంతో మన బళ్ళకు ఏమొస్తున్నాయి? బెంచీలు, బ్యాగులు, ఆర్వో ప్లాంటు, గోడ మీద 'ఫలానా వారి సౌజన్యంతో' అని రెండడుగుల అక్షరాలు. ఆర్వో ఫిల్టరు మూసుకుపోయిన రోజు సౌజన్యం కూడా మూసుకుపోతుంది. గోడ మీది అక్షరాలు మాత్రం పదేళ్ళయినా వెలిసిపోవు, ఆ పెయింటు ఏ కంపెనీదో గానీ!

అసలు గోడల కొరత ఇప్పుడు అంతగా లేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టిన నాడు-నేడు పథకం మొదటి విడతలోనే 15 వేలకు పైగా బళ్ళకు రంగులు, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి. 2025లో మెగా డీఎస్సీ పేరుతో 16 వేల పైచిలుకు టీచరు పోస్టులకు ప్రకటన ఇచ్చారు. ఆ పార్టీదా, ఈ పార్టీదా అని నన్ను లాగకండి. ఎవరు చేసినా బడికే చేరింది. కానీ ప్రభుత్వం మారగానే పథకం పేరు మారుతుంది, ప్రాధాన్యం మారుతుంది. మధ్యలో పిల్లవాడు తరగతి దాటిపోతాడు. ఫ్యాక్టరీ అలా కాదు, ముప్పై నలభై ఏళ్ళు అక్కడే ఉంటుంది. అంతకాలం ఒకే మాట మీద నిలబడి అడగగలిగినవాడు దానమిచ్చేవాడికన్నా విలువైనవాడని నా లెక్క.

అలా నిలబడినవాళ్ళు లేరా అంటే, మన పక్కనే ఉన్నారు. విప్రో మొదట్లో వనస్పతి నూనె చేసిన కంపెనీ. దాన్ని నడిపిన అజీమ్ ప్రేమ్‌జీ 2001లో ఫౌండేషన్ పెట్టి, ప్రధానంగా సర్కారు బడి టీచర్లతో కలిసి పనిచేయడాన్ని ఎంచుకున్నారు. టీచర్లకు శిక్షణ, పాఠం ఎలా చెప్పాలన్న చర్చలు, అదీ పని. ఫోటోకు పనికొచ్చేది అందులో ఏమీ ఉండదు. రొద్దం దాటి పావగడ వైపు పోతే కర్ణాటక. అక్కడి సర్కారు బడి పిల్లలకు వారంలో ఆరు రోజులూ గుడ్డు పెట్టడానికి 2024లో ఆ ఫౌండేషన్ మూడేళ్ళకు 1,500 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పిల్లలు ఒకే సంతలో కలుస్తారు సుమండీ.

ఇంకొకాయన అమెరికాలో టెక్సస్ మనిషి, రాస్ పెరో. ఈడీఎస్ అనే కంప్యూటరు సేవల కంపెనీ పెట్టి కోట్లు గడించాడు. 1983లో గవర్నరు ఆయన్ని బడుల సంస్కరణ కమిటీకి పెద్దను చేశాడు. ఊరుకున్నాడా? సొంత డబ్బు పెట్టి లాబీయిస్టులను దింపి, 1984లో చట్టం చేయించేదాకా నిద్రపోలేదు. చిన్న తరగతుల్లో పిల్లలు 22 మందికి మించకూడదు. ఒక్క సబ్జెక్టు తప్పినా ఆరు వారాలు ఆటలకు సెలవు. ఫుట్‌బాల్‌ను దేవుడిలా కొలిచే టెక్సస్‌లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో! వీటికోసం పన్నులు కూడా పెంచారు. వ్యాపారస్తుడు పన్ను పెంచమనడం ఎప్పుడైనా విన్నారా? అదే చట్టం కింద టీచర్లందరికీ పరీక్ష పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని కూర్చోబెట్టి పరీక్ష రాయించడం అవమానం కాక ఏమిటి? అక్కడి టీచర్లూ మండిపడ్డారు.

మన దగ్గర 2019లో ఇంకో దారి తొక్కారు. పరిశ్రమల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని అసెంబ్లీ చట్టం చేసింది. తగినవాళ్ళు దొరక్కపోతే మూడేళ్ళలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలట. హర్యానాలో ఇలాంటి చట్టాన్నే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు. పదేళ్ళు బడిలో రాని దశాంశం మూడేళ్ళలో ఫ్యాక్టరీ గేటు దగ్గర వస్తుందా, అదీ నా అనుమానం. వచ్చినా ఎవరి ఖర్చుతో? కంపెనీ ఖర్చుతోనే. దానికన్నా 6వ తరగతిలో టీచరును అడిగి పెట్టించుకోవడం చవక కాదూ!

మరి మొదలెక్కడ అంటారా? పెద్ద పెద్ద సదస్సులేమీ అక్కర్లేదు. ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉంది. అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే. ఊళ్ళో పెద్దమనుషులను కో-ఆప్టెడ్ సభ్యులుగా తీసుకునే వీలూ ఉంది. ఎర్రమంచి మేనేజరు గానీ, తూముకుంట మిల్లు ఓనరు గానీ, మా చింతపండు షావుకారు గానీ ఒక హైస్కూలు ఎంచుకుని ఆ కుర్చీలో కూర్చోవచ్చు. కూర్చుని, ఖాళీ పోస్టు ఎన్ని నెలల నుంచి ఖాళీగా ఉందో మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ కాగితం పట్టుకుని కలెక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. హెచ్‌ఎం వెళితే ఒక అర్జీ అవుతుంది. కారు ఫ్యాక్టరీ మేనేజరు వెళితే కలెక్టరు లేచి నిలబడి మాట్లాడతారు, మనం చూసిందే కదా. మీటింగు శనివారం పెడితే వస్తామంటే శనివారమే పెడతారు. టీ, బిస్కెట్లు హెచ్‌ఎం గారి ఖర్చు.