కృతజ్ఞతల పేజీ

కోడేరులో బడిపిల్లలకు కంప్యూటర్ ఆద్యుల గురించి చెప్పమన్నారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన కాటూరు రాజ్‌రెడ్డి గారితో మొదలుపెట్టాను.

"ఆడోళ్లు ఎవ్వరు లేరా టీచర్?" అందొక పిల్ల.

ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్ల దారులు లెక్కగట్టడానికి అమెరికా సైన్యం ఆడవాళ్లను పెట్టుకుంది. (వాళ్ల ఉద్యోగం పేరే 'కంప్యూటర్'!) 1945లో వాళ్లలోంచి ఆరుగురిని ఎనియాక్ యంత్రానికి ఎంచుకున్నారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. మొదట యంత్రాన్ని చూడనివ్వలేదు, నక్షాలు చేతికిచ్చారంతే. ఆ కాగితాలు చూసే నేర్చుకుని, తీగలు కలిపి, స్విచ్చులు తిప్పి దాన్ని నడిపించారు. 1946 ఫిబ్రవరిలో ప్రదర్శన వాళ్ల ప్రోగ్రాంతోనే జరిగింది. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లకు పిలుపు లేదు.

చెబుతూ చెబుతూ తడబడ్డాను. నా సిద్ధాంత గ్రంథం డి.టి.పి. చేసినామె గుర్తొచ్చింది. నా గజిబిజి రాతను ఒత్తూ దీర్ఘమూ పోకుండా అను ఫాంట్లలో పేర్చిపెట్టింది. రెండుచోట్ల వాక్యం అతకలేదంటే చిన్నబుచ్చుకుని, తర్వాత గుట్టుగా దిద్దుకున్నాను. నా పరిశోధనేమో స్త్రీల కనిపించని శ్రమ మీద!

ఇంటికొచ్చి కృతజ్ఞతల పేజీ తీశాను. గైడు గారున్నారు, లైబ్రరీ వాళ్లున్నారు, హాస్టల్ స్నేహితులున్నారు. ఆమె లేదు.

ఫోను చేద్దామని నంబరు వెతికితే, అదింకా 'డి.టి.పి.' అన్న పేరుతోనే ఉంది.