లెక్కలో ఒక దండ తక్కువ

మా చిన్ని పెళ్ళి ఫిబ్రవరిలో రాజమండ్రిలో అయింది. రిసెప్షన్ మాత్రం జూన్‌లో, హవాయిలో. అల్లుడిది ఓహూ దీవిలో వైమానలో అనే ఊరు. వెనక నిలువు గోడలాంటి కొండలు, ముందు సముద్రం. పెళ్ళికి వాళ్ళ వైపు నుంచి తల్లీ తండ్రీ మాత్రమే రాగలిగారు. మిగతా చుట్టాలెంతమంది అంటే, నూట ఎనభై దాకా అన్నారు. ఆ అబ్బాయి నాయనమ్మకి తొమ్మిదిమంది పిల్లలు మరి! అందుకని ఇంటి పెరట్లోనే అందరికీ విందు పెడతామన్నారు. దాన్ని లూఆవ్ అంటారు.

చిన్ని మా అక్క కూతురు. బావగారు పోయి ఆరేళ్ళయింది. కన్యాదానం మా ఆయనా నేనూ పీటల మీద కూర్చుని చేశాం. ఆ సమయానికి అక్క స్టోరు గదిలో వంటవాళ్ళకి నెయ్యి డబ్బాలు తీసిస్తోంది. వద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

రిసెప్షన్ ఏర్పాట్లలో మన వైపు పెత్తనం నాకు పడింది. మనకి పొద్దున్న ఎనిమిదైతే వాళ్ళకి ముందురోజు సాయంత్రం నాలుగున్నర. ఒక పక్క ఉప్మాకి పోపు వేస్తూ ఇంకో పక్క వియ్యపురాలితో ఫోను. ఆవిడ చెప్పేవన్నీ విని నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. స్టేజీ లేదు, కార్డుల్లేవు. పెరట్లో టెంట్లు వేసి, మడత బల్లలు పరిచి, పైన కాగితం చుట్టేస్తారట. సగం వంట వాళ్ళు చేస్తే సగం చుట్టాలు వండి తెస్తారట. మగవాళ్ళు పూల చొక్కాలు, కాళ్ళకి హవాయి చెప్పులు. అక్కడ పూల చొక్కా అంటే మంచి బట్టల కిందే లెక్క, ఆఫీసులకీ అవే.

"పెళ్ళి రిసెప్షన్‌కి చెప్పులా?" అంది వదిన. వదినంటే బావగారి అక్క, కాలిఫోర్నియాలో ఉంటుంది, మడీ ఆచారం ఇక్కడివాళ్ళకంటే ఒక పాలు ఎక్కువ. ఆవిడకి అసలు చిక్కు వేరే ఉంది. విందులో ముఖ్యమైన వంట పంది. నేలలో గొయ్యి తీసి, కట్టెలతో రాళ్ళు ఎర్రగా కాల్చి, మీద అరటి బోదె ముక్కలు, ఆకులు పరిచి, మాంసం పెట్టి, తడి గోనెలు కప్పి, మట్టితో మూసేస్తారు. రాత్రంతా ఆ ఆవిరికే మగ్గుతుంది. ఆ గోతిని ఇము అంటారు. పొగ మన వైపు రాకుండా గాలి వచ్చే దిక్కున మన బల్ల వేయించమని వియ్యపురాలికి చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఇంత పెద్ద కుటుంబంలో ఒక్కొక్కరికి ఒక్కో పత్యం ఉంటుంది, అలవాటేనంది.

నాలుగు రోజుల ముందే వెళ్ళాం. చేమదుంప వాళ్ళకి మనకి బియ్యంలాంటిది. ఉడికించి దంచి పోయి అని జావలా చేస్తారు, రెండు రోజులుంచితే పులుస్తుంది. అక్క వేలితో తీసి నాకి, "పులిసిన అంబలిలా ఉందే" అని మళ్ళీ వేసుకుంది. లూఆవ్ అంటే అసలు అర్థం చేమాకేనట. వాళ్ళ పురాణంలో చేమమొక్క మనుషులకి తోడబుట్టిన అన్న. అందుకని పోయి గిన్నె మూత తీశాక దాని ముందు తగువులాడకూడదంటారు. ఆ గిన్నె ఒకటి మా ఇంటికి కొనుక్కొస్తే బాగుండుననిపించింది.

అల్లుడి పెద్దనాన్న రాళ్ళు పేరుస్తూ ఇంకో సంగతి చెప్పాడు. వెనకటి రోజుల్లో అక్కడ ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి తినకూడదు, ఆడవాళ్ళు పంది మాంసం, చాలా రకాల అరటిపళ్ళు ముట్టుకోకూడదు. తప్పితే ప్రాణమే పోయేది. 1819లో కమేహమేహా రాజు పోయాక ఆయన కొడుకు అందరూ చూస్తుండగా ఆడవాళ్ళ మధ్య కూర్చుని తిన్నాడట. దాంతో ఆ కట్టు పోయింది.

ఇక దండలు. వాటిని లేయి అంటారు. వచ్చినవాళ్ళ మెడలో దండ వేసి బుగ్గ మీద ముద్దు పెడతారు. వేస్తే కాదనకూడదు, వేసినవాళ్ళ ఎదురుగా తీసెయ్యకూడదు. కడుపుతో ఉన్న మా చెల్లెలి కోడలికి మాత్రం చివరలు ముడెయ్యని దండ వేస్తామన్నారు. ముడేస్తే లోపల బిడ్డకి పేగు మెడకి చుట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. అది విని వదిన మొదటిసారి మెచ్చుకోలుగా తలూపింది.

"మీవాళ్ళకి ఎన్ని దండలు?" అని మేం బయల్దేరకముందే వియ్యపురాలు అడిగింది. పదకొండు మందిమి వెళ్తున్నాం. నేను పది అని చెప్పాను. ఆలోచించుకోను కూడా లేదు, నోటికి అలాగే వచ్చింది.

ముందురోజు పొద్దున్నే పూలు వచ్చాయి. బుట్ట మీద తడిగుడ్డ తీస్తే మల్లెమొగ్గలు! అచ్చం మన మల్లెలే, అదే జాతి. పికాకే అంటారు, అంటే నెమలి. కయులాని అనే రాకుమారికి నెమళ్ళన్నా ఈ పూలన్నా ప్రాణమట, అలా వాటి పేరు వీటికొచ్చింది. వాళ్ళు పొడుగాటి సూదితో ఒక్కొక్క మొగ్గా గుచ్చుతున్నారు. అక్క కాసేపు చూసి, దారం తీసుకుని రెండేసి మొగ్గలు పెట్టి వేళ్ళతోనే ముడేస్తూ మాల కట్టడం మొదలుపెట్టింది. సూది లేకుండా ఆ వేగం చూసి వాళ్ళందరూ చుట్టూ మూగారు. మధ్యాహ్నానికి మూరలకి మూరలు కట్టేసింది. అంత మల్లెపూల వాసన మధ్య కూర్చుని ఒక్క పువ్వు తల్లో తురుముకోలేదు. ఎందుకని ఎవరో అడిగితే, నవ్వేసి ఊరుకుంది.

మర్నాడు పెరట్లో టెంటు గుమ్మానికి మామిడాకులు కట్టాం, చెట్టు వాళ్ళదే. పులిహోర, దద్ధోజనం ట్రేలలో పెట్టాం. పులిహోర వాళ్ళే ముందు ఖాళీ చేశారు. అల్లుడి మెడలో మైలే ఆకుల దండ, చిన్నికి మూడు పేటల మల్లెలు. నాయనమ్మని అందరూ టూటూ అంటారు, ఎనభై దాటాయి. ఆవిడ కర్ర పట్టుకుని మావాళ్ళ వరసకి వచ్చి ఒక్కొక్కరికీ దండ వేస్తోంది. అక్క ఎప్పట్లాగే వెనక్కి జరిగి ట్రే మూతలు సర్దుతోంది. పది దండలూ అయిపోయాయి, హమ్మయ్య అనుకున్నాను.

టూటూ పక్కనున్న మనవరాలి చెయ్యి నుంచి ఇంకొకటి తీసుకుంది. నిన్న అక్క కట్టినదే. నేను ఒక అడుగు ముందుకి వేశాను. అడ్డుపడడానికే, అబద్ధం ఎందుకు. అక్క నా వంక చూసింది. తర్వాత కొంగుకి చెయ్యి తుడుచుకుని, ఆవిడకి అందేలా తల వంచింది. ఆవిడ దండ వేసి, బుగ్గ మీద ముద్దు పెట్టి, "పెళ్ళికూతురి అమ్మ" అని అందరికీ వినపడేలా చెప్పింది. చిన్ని ఏడ్చేసింది. నేను వదిన వంక చూడ్డానికి భయపడ్డాను. చూస్తే ఆవిడ పెరుగన్నం కలుపుకుంటోంది. "పెద్దావిడ వేసింది, కాదంటామా" అంది, తలెత్తకుండానే.

అక్క ఆ దండ రాత్రి దాకా తియ్యలేదు. పొద్దున్న లేచేసరికి కిటికీకి వేలాడుతోంది, పూలు రంగు మారాయి. వాటిని చెత్తబుట్టలో వెయ్యకూడదట, మట్టికే చేర్చాలట. ఇద్దరం మామిడిచెట్టు దగ్గరికి వెళ్ళాం. అక్క దారం తెంపి పూలు మొదట్లో పోసింది.

"నీ లెక్కలో నాది లేదు కదూ?" అంది.

"లేదక్కా" అన్నాను.

"నేనూ లెక్కేసుకోలేదులే" అని, దారం వేలికి చుట్టుకుంటూ లోపలికి నడిచింది. కాఫీ డికాక్షన్ వెయ్యాలి, అప్పటికే పదకొండుమందీ లేచారు.