హుస్సేనుసాగరు గట్టున: పసివారితో సినిమాకు

హైదరాబాదు నగరమున హుస్సేనుసాగరు గట్టున, వాహనములు ఎడతెగక పోవు రాజమార్గము చెంత, ప్రసాదుగారి పేర వెలసిన పెద్ద సినిమాభవనము గలదు. సాగరము కుతుబ్‌షాహీల యేలుబడిలో పదునాఱవ శతాబ్దమున కట్టినది. దాని నడుమ 1992 లో నిలిపిన బుద్ధవిగ్రహము నేడు నగరమునకు గుర్తుగా నున్నది. సినిమాభవనమును 2003 లో తెఱచిరి. అప్పటి పెద్దతెర 72 అడుగుల యెత్తు, 95 అడుగుల వెడల్పు గలది. అటుపిమ్మట యంత్రములును తెరయు మాఱినవి. ఒకే కప్పు క్రింద పెక్కు ప్రదర్శనశాలలుండుటచే ఒకే గడియలో ఒకశాలయందు ఒక చిత్రమును, ప్రక్కశాలయందు వేఱొక చిత్రమును ఆడుచుండును. ఈ సౌకర్యము మా కెట్లు అక్కఱకు వచ్చెనో ముందు చెప్పెదను.

మా యేలూరివారి కీ పేరు పరాయిది గాదు. ఎల్. వి. ప్రసాదుగారు మాకు సమీపమున నున్న సోమవరప్పాటిలో జన్మించిరి. 1931 లో వచ్చిన హిందీ మొదటి టాకీ “ఆలం ఆరా”లోను, ఆ యేటనే వచ్చిన “కాళిదాసు”లోను, 1932 లో వచ్చిన మన “భక్తప్రహ్లాద”లోను, ఈ మూడింటను వేషములు వేసిన భాగ్యము వారిది. “ప్రహ్లాద”లో వారు ధరించినది చండామార్కుల బడిలోని మొద్దబ్బాయి పాత్ర. మావారు బడిపంతులగుటచే ఈ ముచ్చటను తఱచు చెప్పి, “మొద్దబ్బాయి యని యెవ్వనిని వెనుకబెంచీకి త్రోయరాదు సుమా!” అని నవ్వుచుందురు.

2025 శ్రావణమాసమున రెండుదినములు సెలవులు కలిసిరాగా, మావారును, నేనును, మా అత్తగారును, అయిదేండ్ల మా అమ్మాయియు హైదరాబాదున నున్న మా ఆడబిడ్డ యింటికి పోతిమి. ఆమెకు ఎనిమిదినెలల కుమారుడు. రాత్రి భోజనములైన పిమ్మట మాటలమీద ఆమె, “వదినా, వీడు పుట్టిన తరువాత నేను ఒక్క సినిమాయు చూడలేదు. చూచితినని యందువా, సగము తలుపు చూచితిని” అనెను. సంగతి యేమన, పిల్లవానికి నాలుగవ నెలలో భార్యాభర్తలిద్దఱును వేఱొక సినిమాశాలకు పోయిరట. మొదటి యుద్ధపుశబ్దమునకే బాలుడు కెవ్వున నేడ్చెనట. ఆమె వానిని భుజమున వేసికొని వెలుపలికి వచ్చి, టిక్కెట్టు చేతబట్టుకొని, రెండుగంటలసేపు తలుపుచెంత అటునిటు తిరుగుచు గడపెనట. భర్త లోపలనే యుండెను. ఆయన చెడ్డవాడు గాడు. లేవవలెనని తోచలేదు, అంతే. ఆ మాట ఆమె నవ్వుచునే చెప్పెను గాని నాకు నవ్వు రాలేదు.

చంటిబిడ్డను సినిమాకు తెచ్చిన తల్లిని మనము ఎంత సులభముగ నిందింతుము! “ఇంత పసివానిని ఏల తెచ్చినది?” అని వెనుకవరుసవారు విసుగుకొందురు. ఇంట విడుచుటకు ఎవరున్నారని ఒక్కరును అడుగరు. ఉమ్మడి కుటుంబములు పలుచబడిన పట్టణములలో తల్లికి రెండే త్రోవలు: బిడ్డను వెంట గొనిపోవుట, లేదా తానును పోకుండుట. పాలు మాన్పని శిశువును అట్టి చోటికి గొనిపోకుండుటయే మేలని నా మతము. కాని ఆ మేలునకు మూల్యమును తల్లి యొక్కతెయే చెల్లింపవలెననుట నాకు సమ్మతము గాదు. ఆ రాత్రియే, మఱునాడు అందఱమును పోవలెనని నిశ్చయించితిమి. మా అత్తగారు, “నేను పిల్లవానితో ఇంటనుందును, మీరు పోయి రండు” అనిరి. అంతదూరమునుండి వచ్చిన తల్లిని ఇంట గూర్చుండబెట్టి తాను పోవుటకు కూతురి మనసొప్పలేదు.

ఏ చిత్రమనునప్పుడు తగవు వచ్చెను. జూలై 25 న విడుదలయైన “మహావతార్ నరసింహ” యను బొమ్మల చిత్రము అప్పుడు ఊరంతయు మాఱుమ్రోగుచుండెను. “దేవుని కథ, పిల్లకు ఇంతకంటె మంచిది మఱేది?” అని అత్తగారు. పెద్దలమాట కాదనుట కష్టమే. అయినను నేను వినయముగనే యిట్లంటిని: “అత్తయ్యా, పోతనగారి భాగవతము మీరే నాకంటె నెక్కుడు చదివినారు. స్తంభమునుండి వెడలిన స్వామిని చూచి దేవతలు దగ్గఱకు పోజాలరైరి. లక్ష్మీదేవియే జంకినది. కడపట బ్రహ్మ పంపగా ప్రహ్లాదు డొక్కడే నిర్భయుడై పోయి పాదములపై బడెను. మన అమ్మాయి ప్రహ్లాదుడు గాదు గదా!”

ఈ విషయమున కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. మా అమ్మాయికి ఆ కథ నానోట వచ్చును. నే చెప్పునప్పుడు హిరణ్యకశిపుడు దాని కెంత యుండవలెనో అంతయే యుండును; భయమైనచో అది నా కొంగు పట్టుకొనును, నేను గొంతు తగ్గింతును. తెరమీద నరసింహుడు నలువది అడుగులు పెరిగి చీకటిలో గర్జించునప్పుడు గొంతు తగ్గించువా రెవ్వరు? కథ పవిత్రమైనంత మాత్రమున దృశ్యము శిశుయోగ్యము గానేరదు. 1936 లో సి. పుల్లయ్యగారు “అనసూయ”, “ధ్రువవిజయము” అను చిత్రములను పిల్లలచేతనే వేషములు వేయించి తీసిరి. పురాణకథ పసివారికి చేరువగావలెనన్న అందుకు మార్గములు లేకపోలేదు.

ఇపుడు ఎంపిక చేసికొనుటకు ప్రభుత్వమువారి గుర్తులును గొంత సాయపడును. ‘యు’ అందఱికి, ‘ఎ’ పెద్దలకు మాత్రమే యను సంగతి అందఱెఱిగినదే. నడుమనున్న ‘యుఎ’ను 2023 నాటి చట్టసవరణచే మూడుగ విభజించిరి: 7 ఏండ్లు, 13 ఏండ్లు, 16 ఏండ్లు. ఆ వయసునకు లోబడిన బిడ్డ చూడదగునా యని తలిదండ్రులు ఆలోచింపవలెనని దాని యర్థము. ప్రకటనలో నాయకుని మొగము చూచుటకు ముందు ఆ చిన్న యక్షరములను చూడుడు.

తుదకు రాజీ కుదిరెను. మావారు తమ తల్లిని నరసింహునియొద్దకు గొనిపోవునట్లును, మేము మువ్వురము పిల్లలతో ప్రక్కశాలలో తెలుగుమాటలు కూర్చిన యడవిజంతువుల బొమ్మల చిత్రమునకు పోవునట్లును ఏర్పాటు. ఉదయపు ఆటయే కోరితిమి. రాత్రి ఆటకు పిల్లలను ఈడ్చుకొనిపోయి, నిద్రకు వేగి యేడ్చినప్పుడు గదుముట న్యాయము గాదు. తారలు వచ్చు తొలిప్రదర్శనలకైతే ఆలోచనయే వలదు. 2024 డిసెంబరు 4 రాత్రి ఈ నగరముననే యట్టి ప్రదర్శనమున జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణములు గోల్పోయినది. ఆమె కుమారుడు ఘోరముగ గాయపడినాడు. అది తలచుకొన్న నేటికిని నా మేను గగుర్పొడుచును.

టిక్కెట్లు పైవరుసలో, నడవనంటియున్న చివరి కుర్చీలకు తీసికొంటిమి. తెరకు దూరము, తలుపునకు దగ్గఱ. లేచిపోవునపుడు పదిమంది మోకాళ్లు దాటనక్కఱలేదు. చెవులమాటయు చెప్పవలెను. పెద్దలకు వారమునకు నలువదిగంటలపాటు 80 డెసిబెల్లుల ధ్వని మితమని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచు, పిల్లలకు దానిని 75 కు తగ్గించిరి. సినిమాలలో పిడుగులును ప్రేలుళ్లును మ్రోగు క్షణములందు ధ్వని నూఱు దాటుట కలదు. చంటివానికి చెవులను గప్పు ఇయర్‌మఫ్‌లను మా ఆడబిడ్డ ముందే కొనియుంచెను. దూది పెట్టుట దానికి సాటిరాదు.

ఆహారపుసంచిని ద్వారమున ఆపుదురేమో యని ఆమె భయపడెను. ఆ భయ మక్కఱలేదు. బయటి తినుబండారములను సినిమాశాలవారు వలదనవచ్చునని 2023 జనవరిలో సుప్రీముకోర్టువారు తీర్పుచెప్పుచు, మంచినీరు ఉచితముగ నీయవలెననియు, పసిబిడ్డకు వలయునంత యాహారము తలిదండ్రులు తెచ్చుకొనవచ్చుననియు అందే పలికియున్నారు. పాప్‌కార్నుమాత్రము నాలుగేండ్లలోపు వారి కీయకుడు. చీకటిలో గొంతున పడినచో కనబడదు.

దీపములార్పుదురనియు, తెరపైనిదంతయు బొమ్మయే యనియు అమ్మాయికి దారిలోనే చెప్పియుంచితిని. చీకటికి అది జంకలేదు. పులి వచ్చినది, జంకలేదు. పిడుగు పడినది, చప్పట్లు కొట్టినది. ఇంతలో వరదలో ఒక యేనుగుగున్న తల్లిని బాసినది. అంతే! పిల్ల పెదవి వణకెను. “అమ్మా, ఇంటికి పోదాం” అనెను. రాక్షసులకంటె, మృగములకంటె తల్లి కనబడకుండుట యను నదియే పసిహృదయమును కోయునని అప్పుడు నాకు స్పష్టమయ్యెను. ఏ యక్షరపు గుర్తును దీనిని ముందుగ చెప్పజాలదు. “ఏమీలేదు, కూర్చుండు” అనక, చేయిపట్టి తలుపుచెంతకు గొనిపోతిని. అక్కడ వెలుతురు గలదు. తలుపు కొంచెము తెఱచి పట్టుకొని ఇద్దఱమును చూచితిమి. అంతదూరమునుండి తెర చిన్నదై, చుట్టును గోడలును, మనుష్యుల తలలును కనబడుచుండగా, అది నిజముగ బొమ్మయే యని దానికి తోచినది కాబోలు, కొంతసేపటికి తానే నా చేయి లాగి లోపలికి నడచెను.

మా ఆడబిడ్డ పెనిమిటియు అప్పటికే బాలుని భుజమున వేసికొని ఆ తలుపువద్దనే యుండెను. విశ్రాంతివఱకు తాను, పిమ్మట ఆమె యని ముందే ఒప్పందము. కాని రెండవభాగమున బిడ్డ నిద్రించుటచే ఆమె వంతు రానేలేదు; చిత్రమంతయు కన్నార్పక చూచెను.

మాకు మూడువరుసల ముందర మూడేండ్ల బాలుడొకడు ఆ గున్న సన్నివేశముననే బిగ్గఱగ నేడ్చెను. తండ్రి, “ఇంత డబ్బు పోసి తెస్తే ఏడుస్తావా?” అని వాని నోటిపై చేయి యుంచెను. వెనుకనుండి ఎవరో ఛీ యనిరి. తల్లి లేచి వానిని వెలుపలికి తెచ్చెను. ఏడుపు వెంటనే తగ్గెను గాని వాడు మరల లోపలికి రానొల్లడయ్యెను. ఆమె మాతో మాటలాడలేదు. తలుపుసందునుండి తెరవైపే చూచుచుండెను. విశ్రాంతిలో భర్త వచ్చి, తినుబండారములు కొని, వారికి గొన్ని యిచ్చి, మరల లోపలికి పోయెను. నాకు మిగుల కోపము వచ్చెను. డబ్బు బిడ్డ యేడ్చినను పోయినదే, ఊరకున్నను పోయినదే. పూర్వము టూరింగు టాకీసులలో ఒక్కటే యంత్రముండుటచే రీలు మార్చునపుడెల్ల ఆట ఆగెడిది, దీపములు వెలిగెడివి, నేలతరగతిలో ఇసుకపై పిల్లలు దొర్లాడి, అలసి, తల్లుల యొడిలో నిద్రపోయెడివారట. సుఖాసనములు వచ్చిన పిమ్మట ఆ వెసులుబాటు పోయినది. అందుచే లేచిపోవుట యిప్పుడు పెద్దల వంతయ్యెను. పెద్దలలో తండ్రులును జేరుదురు.

ఆట ముగిసి దిగువకు రాగా అత్తగారు ఆనందబాష్పములతో నుండిరి. అక్కడ ఒక చిన్నపాప చేతులు జోడించి కదలక చూచినదట. వేఱొక బాలుడు స్తంభము పగులకమునుపే తాతగారితో బయటికి పోయినాడట. “మన పిల్ల మొదటిదానివంటిదే” అని వారి తీర్పు. నేను మాఱుపలుకలేదు, వచ్చుయేడు చూతము.

తిరుగురైలులో అమ్మాయి యా గున్న కథను కనబడినవారికెల్ల చెప్పుచు వచ్చెను. తల్లి దొరకుటను రెండుమార్లు చెప్పెను. తుదకు మావారి యొడిలో చేరి, “నాన్నా, గున్న వాళ్ల నాన్న ఎక్కడికి పోయాడు?” అని యడిగెను. వారు సమాధానము వెదకుచుండగనే ఖమ్మము స్టేషను వచ్చెను.