చాకీ పురుగులకు కావలసిన వెచ్చదనము

పెనుకొండ బండలపై ఉదయకాలమున తొండలు ఎండ కాచుకొనుట మన బాలబాలికలందఱును చూచియే యుందురు. తొండకు మనకు వలె దేహములో నిలుకడగల వేడిమి లేదు. పరిసరముల వేడిమియే దానికి ఆధారము. కాబట్టి అది ప్రొద్దుట ఎండలోనికి వచ్చును. మధ్యాహ్నమున బండ కాలినతోడనే నెఱ్ఱెలోనికి దూరును. దీని జాతికే చేరిన గడ్డపుతొండ యొకటి ఆస్ట్రేలియా దేశమున కలదు. దాని పిల్లను ఇంట పెంచువారు గాజుపెట్టెలో ఒక కొనను వేడినిచ్చు దీపము నమర్చి, రెండవ కొనను చల్లగా విడిచెదరు. పిల్ల తనకు తగినచోటికి తానే జరుగును. ఆ యేర్పాటులో దీప మెంత ముఖ్యమో, చల్లని కొనయు నంత ముఖ్యము.

స్వంత వేడిమి లేని ప్రాణి మన ప్రాంతపు ఇండ్లలోను పెరుగుచున్నది. అది పట్టుపురుగు. హిందూపురము మార్కెట్టునకు వచ్చు గూళ్లన్నియు దాని శ్రమయే. ధర్మవరపు మగ్గముపై మెఱయు ప్రతి పట్టుపోగును ఎక్కడనో యొకచోట ఇట్టి పురుగు త్రిప్పినదే. గ్రుడ్డునుండి వెలువడినపుడు దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. గూడు కట్టుటకు ముందు నాలుగు మారులు కుబుసము విడుచును. దీనిని రైతులు జ్వరమందురు. రెండవ జ్వరము వఱకు గల పసిపురుగులకు చాకీ పురుగులని పేరు. వీనికి 27 లేక 28 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియు, గాలిలో నూటికి 85 మొదలు 90 పాళ్ల తేమయు కావలెను. పెరిగిన కొలది ఈ అవసరము తగ్గి, చివరిదశలో సుమారు 24 డిగ్రీలు చాలును.

హిందూపురము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. డిసెంబరు, జనవరి రాత్రులలో చలి మిక్కుటము. చలి తగిలిన పురుగు ఆకు సరిగా తినదు, జ్వరము ఆలస్యమగును. తొండవలె లేచి వెచ్చనిచోటికి పోవుటకు దానికి శక్తి లేదు. పెట్టిన తట్టలోనే, పెట్టిన ఆకుపైనే యుండును. కావున దాని యెండయు దాని నీడయు రెండును పెంచువాడే కావలెను.

ఒక చలికాలమున నా తరగతి బాలుడొకడు నాలుగు దినములు బడికి రాకపోగా, వారి పల్లెకు వెళ్లితిని. పురుగుల గది తలుపు, కిటికీ మూయబడి, సందులలో గోనెగుడ్డలు క్రుక్కబడి యుండెను. నడుమ బొగ్గుల కుంపటి కణకణలాడుచుండెను. వెచ్చగా నున్నదని తల్లి ఆ బాలుని చెల్లెలిని అక్కడనే చాపపై పరుండబెట్టినది. బాలుడు తల పట్టుకొని గోడకు జేరబడి యుండెను. రాత్రియంతయు మేలుకొన్నందున తలనొప్పి వచ్చినదని వారందఱును తలచిరి.

నాకు గుండె ఝల్లుమన్నది. గాలి చాలనిచోట మండు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు చేరవలసిన స్థానము నాక్రమించును. తలనొప్పి, మగత దాని తొలిగుఱుతులు. నిద్రలోనున్నవాడు లేవకయే పోవచ్చును. పాపను వెలుపలికి ఎత్తుకొనివచ్చి, తలుపులు తెఱచి, కుంపటిని పెరటిలో పెట్టించితిని. పాప కన్నులు తెఱచి ఏడ్చిన తరువాతనే నాకు ఊపిరి వచ్చినది.

అప్పుడు తండ్రి, "అయ్యవారూ, పురుగు చల్లబడితే అప్పు తీరేదెట్లా?" అని యడిగెను. ఆ మాటను నేను తేలికగా తీసికొనలేదు. పంటపైననే ఆ యింటి తిండి, బాలుని చదువు ఆధారపడియున్నవి. అందుచేత ఆ రాత్రియే పొరుగింటి విద్యుత్ హీటరును, ఒక థర్మామీటరును తెచ్చితిమి. థర్మామీటరు చూడగా పైతట్టయొద్ద 33 డిగ్రీలు, క్రిందితట్టయొద్ద 24 డిగ్రీలు ఉండెను. వేడిగాలి పైకెక్కునని పుస్తకములో బాలుడు చదివినదే. తన యింటి తట్టలలో అతడు దానిని అప్పుడే కనుగొనెను. పైతట్టలోని పురుగులు ముందుగా జ్వరము లేచినవి. క్రిందివి ఒక దినము వెనుక. వేళలు వేఱగుటచే మేత పెట్టుట కష్టమై, పంట కొంత తగ్గినదిగాని పోలేదు.

పిమ్మట వారు చేసిన మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. థర్మామీటరును కంటికి నచ్చినచోట గాక తట్టల యెత్తున వ్రేలాడదీసిరి. తట్టలను పైవి క్రిందికి, క్రిందివి పైకి మార్చుచుండిరి. హీటరు గాలిని ఎండజేయును. ఆకు వాడినచో పసిపురుగు కొఱుకలేదు. కాబట్టి తడిగోనెలు వ్రేలాడగట్టి, తట్టలపై మైనపుకాగితము కప్పిరి. మేత వేయుటకు ముందు కొంతసేపు కాగితము తీసి గాలి ఆడనిచ్చిరి. మఱుసటి పంటకు చాకీ కేంద్రమునుండి రెండవ జ్వరము దాటిన పురుగులనే కొనిరి. ఇట్టి కేంద్రములున్నచోట ఆ మొదటి దినముల భారము ఇంటిపై పడదు. కిరికెరయందలి పట్టుపరిశోధన సంస్థ మనకు దగ్గఱనే యున్నది. సందేహము గలవారు అడిగి తెలిసికొనవచ్చును.

ప్రేమచేతనే ఆ తల్లి పాపను కుంపటియొద్ద పరుండబెట్టినది. పురుగులమీది శ్రద్ధచేతనే ఆ తండ్రి సందులు మూసెను. ప్రేమకు కొలత తోడుపడనిచో వెచ్చదనమే అపాయమగును. ప్రాణులను మన చేతికప్పగించిన దేవుడు, కొలిచి తెలిసికొను బుద్ధిని గూడ మనకే యిచ్చెను.

ప్రియ విద్యార్థులారా, చదువురాని పెద్దలు ఇంట నున్నయెడల ఈ వ్యాసమును వారికి చదివి వినిపింపుడు. పురుగులకొఱకైనను, పసిబిడ్డలకొఱకైనను, మూసిన గదిలో బొగ్గులు మండుచుండగా ఎవరిని నిద్రింపనీయకుడు.