భామ్రాగడ్‌లో నేర్చుకున్న కర్ర పాఠం

గుమాస్తాగా చేరి ఆఫీసరునైనా, నా బి.కాం. బుద్ధి మారలేదు. ఏ వస్తువు చూసినా ముందు ఖరీదు, ఆ తర్వాత తరుగుదల లెక్కవేస్తాను. మా అమ్మాయి హాకీ కర్ర విషయంలోనూ అదే చేశాను.

మొదట కొన్న చెక్క కర్ర వానాకాలం గడిచేసరికి అడుగున చీలిపోయింది. 'ఈసారి కాంపోజిట్ కర్రే కొనాలి' అనుకుని దుకాణానికి వెళ్ళాను. కర్రలమీద కార్బన్ ఎంత శాతమో రాసి ఉంది. శాతం ఎక్కువైతే లాభం ఎక్కువ అన్నది మా డిపాజిట్ల సూత్రం కదా! అన్నిటికంటే ఎక్కువ శాతం ఉన్నది తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాను. నెల తిరగకుండానే "నాన్నా, బంతి తగిలితే మణికట్టు జిల్లుమంటోంది" అంది. "అలవాటవుతుందిలే" అన్నాను. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. పరీక్షలని, తలనొప్పని మైదానానికి వెళ్ళడమే మానేసింది.

సంక్రాంతి సెలవుల్లో బల్లార్‌పూర్ నుంచి భామ్రాగడ్‌కు బయలుదేరాం. మన సభ్యుల్లో చాలామంది సిరొంచ దాకా వెళ్ళి, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట స్నానం చేసి, అవతలి గట్టున కాళేశ్వరుణ్ణి దర్శించి తిరిగివస్తారు. ఆలపల్లి దగ్గర తూర్పుకు తిరిగే దారి ఎక్కేవారు తక్కువ. టేకు చెట్ల మధ్యనుంచి సాగే ఆ దారిలో, ఊరికి కొద్దిగా ఇవతల హేమల్‌కసా వస్తుంది. 1973లో బాబా ఆమ్టే అక్కడ లోక్ బిరాదరీ ప్రకల్ప్ ప్రారంభించారు. ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్, కోడలు డాక్టర్ మందాకిని మాడియా గోండులకు వైద్యం చేస్తూ అక్కడే జీవితం గడిపారు. 2008లో ఆ దంపతులకు మెగసెసే అవార్డు వచ్చింది.

భామ్రాగడ్ దగ్గర ఇంద్రావతి, పర్లకోట, పాముల గౌతమి కలుస్తాయి. మూడు నదుల నీళ్ళూ చూస్తూ గట్టున కూర్చున్నాం. పక్కనే ఒక మాడియా తాత గొడ్డలికి కొత్త కామ అమరుస్తున్నాడు. మా డ్రైవరుది సిరొంచ. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "ఇది వెద్దూర్ అంటున్నడు సారూ, మన వెదురే" అన్నాడు. అంత దూరం వచ్చి అడవిలో చుట్టాన్ని కలిసినట్టయింది నాకు.

మంచి కామ ఎలా ఎంచుతారని అడిగించాను. తాత జవాబు చెప్పలేదు. మా అమ్మాయి చెయ్యి చూపించమన్నాడు. అరచెయ్యి తడిమి, కర్ర పట్టించి, బొటనవేలు ఎక్కడిదాకా వచ్చిందో చూశాడు. ఆ తర్వాతే వెదురు సంగతి మొదలుపెట్టాడు. ఏడాది పిలక పనికిరాదట, పురుగు తొలిచేస్తుందట. మూడేళ్ళు దాటిన గట్టి వెదురు కావాలి. కణుపులు దగ్గరదగ్గరగా ఉండాలి. పైతోలు చెక్కకూడదు, బలమంతా అక్కడే ఉంది. ఇక చివరి మాట డ్రైవరు ఇలా చెప్పాడు: "మరీ బిర్రుగుంటె దెబ్బ చేతికే తిరిగొస్తదట సారూ. కొంచెం వంగాలె."

అమ్మాయి నా వంక చూసింది, ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది.

ఇంటికి వచ్చాక తెలిసినవారిని అడిగాను. తాత చెప్పింది అక్షరాలా నిజం. వెదురు దేవుడు చేసిన కాంపోజిట్. నారలు, వాటిని పట్టి ఉంచే బంక. బయటి పొరలో నారలు దట్టంగా ఉంటాయి. హాకీ కర్రలో నారల స్థానంలో కార్బన్, ఫైబర్‌గ్లాస్, అరామిడ్. బంక స్థానంలో రెజిన్. కార్బన్ పెరిగేకొద్దీ కర్ర బిగుస్తుంది. దెబ్బకు జోరు వస్తుంది, కానీ అదురు చేతికి ఎక్కుతుంది. ఫైబర్‌గ్లాస్ కాస్త వంగుతుంది, నేర్చుకునేవారికి బంతి ఆపడం తేలిక. అరామిడ్ అదురును మింగుతుంది. నిబంధనల ప్రకారం కర్ర బరువు 737 గ్రాములు మించకూడదు. పిల్లలకు అంతకంటే బాగా తేలికైనదే మేలు. నిలబెడితే తుంటి ఎముక దాకా వస్తే పొడవు సరిపోయినట్టే. పట్టుకు చుట్టే టేపు అరిగితే వెంటనే మార్చాలి. పైపొర పెచ్చు లేచినా, పగులు కనిపించినా ఉపేక్షించకూడదు. ఎండలో నిలిపిన కారులో కర్రను వదలకూడదు.

ఈసారి దుకాణానికి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. కార్బన్ తక్కువ, ఫైబర్‌గ్లాస్ ఎక్కువ ఉన్న కర్రను తనే ఎంచుకుంది. ఖరీదు మొదటిదానిలో సగం కూడా లేదు. మొదటిది అటకమీద ఉంది. నా లెక్కల్లో దాన్ని నష్టం కింద రాసేశాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆటకు వెళుతోంది. తిరిగి రాగానే స్కోరు అడగడం మానేశాను. "చెయ్యి ఎలా ఉందమ్మా?" అని అడుగుతున్నాను.